రోజూ సాయంత్రం ఆరున్నరకే కంప్యూటర్ ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మాది మలికిపురం దగ్గర ఒక పల్లెటూరు. ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీ ఒకదానికి డేటా ఎంట్రీ చేస్తాను. మూడు నెలలుగా సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్య డెస్క్‌టాప్ టప్పున ఆగిపోయి దానంతటదే మళ్ళీ ఆన్ అవుతోంది. ఇన్వర్టర్ ఉంది, అయినా అంతే. దీనికి తోడు వైఫై కనెక్ట్ అయినట్టే చూపిస్తుంది గాని ఇంటర్నెట్ రాదు. ఒక్కోసారి ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్ అని మెసేజ్ వస్తుంది. మా మామగారు రొయ్యల చెరువు కెమెరాలు ఇంట్లోంచే చూసుకుంటారు, అవి కూడా మధ్యమధ్యలో పోతున్నాయి. ఇంటికీ చెరువుకీ 150 మీటర్లు ఉంటుంది, కొబ్బరి చెట్ల మీదుగా వైరు లాగారు. రౌటర్ మార్చాం, పాత రౌటర్‌ని మావారు మేడ మీద పెట్టారు, విండోస్ రెండుసార్లు వేయించాం. ఇప్పుడు బాగుచేసే అబ్బాయి మదర్‌బోర్డు మార్చాలంటున్నాడు. మార్చేయమంటారా?

సమాధానం: వద్దమ్మా. మదర్‌బోర్డు జోలికి ఇప్పుడే వెళ్ళకండి, ఆ డబ్బు దగ్గరే ఉంచుకోండి.

మీ ఉత్తరం చదువుతుంటే "ఆరున్నర, ఏడు మధ్య" అన్న చోట ఆగిపోయాను. మీరు మామూలుగా రాసేశారు గాని ఉత్తరం మొత్తంలో అన్నిటికంటే పనికొచ్చే మాట అదే. మదర్‌బోర్డు పాడైతే పొద్దున్నా ఆగుతుంది, మధ్యాహ్నమూ ఆగుతుంది, ఎండ ముదిరినప్పుడు ఇంకా ఎక్కువ ఆగుతుంది. రోజూ ఒకే వేళకి ఆగుతోందంటే ఆ వేళకి ఇంటి బయట ఏం జరుగుతోందో చూడాలి. మీ వైపు పొద్దుగూకే వేళకి ఏం మొదలవుతుందో మీ మామగారికి నేను చెప్పక్కర్లేదు. ఎండ ఉన్నంతసేపూ చెరువు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చీకటి పడ్డాక ఇవ్వడం మానేసి అదే ఆక్సిజన్ వాడుకోవడం మొదలెడుతుంది, అందుకే రాత్రంతా నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతారు, లేకపోతే తెల్లారేసరికి డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోయి రొయ్య తేలిపోతుంది. అవన్నీ మోటార్లు. మోటార్ తిరగడం మొదలెట్టే ఆ ఒకటి రెండు క్షణాల్లో మామూలుగా తీసుకునే కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది. పది చెరువుల మీద మోటార్లు ఇంచుమించు ఒకే వేళకి ఆన్ అయ్యి, మీ ఇల్లు కూడా అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంటే, 230 ఉండాల్సిన ఓల్టేజీ కాసేపు ఎంతకి దిగుతుందో చూసినవాళ్ళకే తెలుసు. ఫ్యాన్ నెమ్మదిస్తుంది, ట్యూబులైటు ఓసారి మినుకుమంటుంది, మీరు పట్టించుకోరు. కంప్యూటర్ మాత్రం తట్టుకోలేదు.

ఇన్వర్టర్ ఉంది కదా అంటారేమో. దాదాపు అందరూ పొరపడేది ఇక్కడే. మీ ఇన్వర్టర్ వెనకో ముందో ఒక చిన్న స్విచ్ ఉంటుంది చూడండి, ఒక వైపు యూపీఎస్ అని, ఇంకో వైపు ఎకో అనో నార్మల్ అనో రాసుంటుంది. అమర్చి వెళ్ళేవాళ్ళు బ్యాటరీ ఎక్కువ రోజులు వస్తుందని సాధారణంగా ఎకోలోనే వదిలేస్తారు. ఎకోలో ఉంటే ఓల్టేజీ సుమారు 100, 110 దాకా దిగినా ఇన్వర్టర్ కిమ్మనదు, ఆ నీరసం కరెంటునే ఇంట్లోకి వదిలేస్తుంది. ఫ్యాన్లూ లైట్లూ దాంతో ఎలాగో నెట్టుకొస్తాయి, మీ కంప్యూటర్‌లోని పవర్ సప్లై నెట్టుకురాలేదు. పైగా కరెంటు నిజంగానే పోయినప్పుడు కూడా ఎకోలో బ్యాటరీ మీదకి మారడానికి కాస్త ఎక్కువ సమయం పడుతుంది, ఆ రెప్పపాటులోనే కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. స్విచ్ యూపీఎస్ వైపు వేస్తే ఓల్టేజీ 180కి అటూ ఇటూ దిగగానే బ్యాటరీ అందుకుంటుంది, మారడం కూడా చాలా త్వరగా మారుతుంది. ఖర్చు ఏమీ లేదు, ఈ సాయంత్రం ఆరింటికి ముందే చేసేయండి. ఒక్క జాగ్రత్త, మీ ఊళ్ళో లో ఓల్టేజీ గంటల తరబడి ఉంటుంటే ఈ పద్ధతిలో బ్యాటరీ తొందరగా అయిపోతుంది. అప్పుడు స్టెబిలైజర్ గురించి ఆలోచించాలి, లైన్‌మన్‌కి చెప్పి ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ సంగతి చూడమనాలి. ప్లగ్‌లో పెడితే అంకె చూపించే చిన్న ఓల్ట్‌మీటర్లు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతాయి. ఒకటి తెచ్చి కంప్యూటర్ పక్కన పెట్టుకుని నాలుగు సాయంత్రాలు రాసుకుంటే, లైన్‌మన్‌తో మాట్లాడేటప్పుడు చేతిలో లెక్క ఉంటుంది.

నా మాట మీదే ఆధారపడక్కర్లేదు, ఆ కంప్యూటరే సాక్ష్యం చెబుతుంది. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని వెతికి తెరవండి, అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. కంప్యూటర్ ఆగిన వేళకి ఎదురుగా కెర్నల్ పవర్ అని, 41 అన్న నంబరుతో ఎర్ర గుర్తు ఉంటుంది. దాని మీద నొక్కి వివరాల్లోకి వెళ్తే బగ్‌చెక్ కోడ్ అని ఒక అంకె కనిపిస్తుంది. అది సున్నా అయితే విండోస్‌కి తను ఎందుకు చచ్చిందో తెలియలేదని అర్థం. చాలాసార్లు అది కరెంటు దెబ్బే, ఎప్పుడైనా మనిషి బటన్ నొక్కి ఆపినా, బిగుసుకుపోయి ఆగినా కూడా సున్నాయే ఉంటుంది. సున్నా కాకుండా వేరే అంకె ఉంటే నీలం తెర, కొత్త విండోస్ 11లో అయితే నల్ల తెర, వచ్చి ఆగిందన్నమాట, అప్పుడు ర్యామ్, డ్రైవర్లు, హార్డ్‌డిస్క్ వరసలో చూడాలి. మీ ఇంటి కథ చూస్తే సున్నా ఉంటుందనే నా నమ్మకం. విండోస్ మళ్ళీ వేయించినప్పుడల్లా ఈ పాత లాగ్‌లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి, ఆ రెండుసార్లలో డబ్బు కంటే నాకు ఎక్కువ బాధనిపించింది అదే.

ఇంకో ముక్క. ఫైబర్ పెట్టె, రౌటర్ పెట్టిన ప్లగ్ ఇన్వర్టర్ లైన్ మీద ఉందా లేదా చూడండి. మన ఇళ్ళలో ఇన్వర్టర్ లైన్ గదికో ఫ్యాన్, ఒక లైటుకే లాగుతారు, టీవీ పక్కన ఉన్న ప్లగ్ దాని మీద ఉండదు. అలాగైతే కరెంటు ఓసారి కన్ను కొట్టినా రౌటర్ మొదటి నుంచి లేవాలి, లేచి లైట్లు కుదుటపడేసరికి రెండు నిమిషాలు, మీకేమో నెట్ పోయినట్టుంటుంది. 12 ఓల్టుల చిన్న రౌటర్ యూపీఎస్‌లు ఇప్పుడు అన్ని చోట్లా దొరుకుతున్నాయి. కొనేముందు మీ అడాప్టర్ మీద రాసిన ఓల్టులూ ఆంపియర్లూ ఫొటో తీసుకెళ్ళండి.

ఇదంతా ఒక జబ్బు. మీ ఇంట్లో ఉన్నది ఒక జబ్బు కాదమ్మా, కనీసం రెండు, నా లెక్కలో మూడు. అవి ఒకేసారి రావడం వల్ల ఒకటే అనిపించింది, దానికి తోడు రౌటరూ విండోసూ వెంటవెంటనే మార్చేయడంతో ఏది దేనివల్లో తేల్చే దారి మూసుకుపోయింది. ఇకనుంచి ఒక రోజుకి ఒకటే మార్చండి. మార్చింది, వేళ, ఏం జరిగింది, ఈ మూడూ పాలపద్దు రాసుకున్నట్టు ఒక నోట్‌బుక్‌లో రాయండి.

రెండో జబ్బు మేడ మీద ఉంది. పాత రౌటర్‌ని మీవారు పైన పెట్టారు, మంచి ఆలోచనే, పైకి సిగ్నల్ అందుతుంది. కాని చాలా రౌటర్లు ఫ్యాక్టరీ నుంచి ఒకే అడ్రస్‌తో వస్తాయి, 192.168.1.1 అనో 192.168.0.1 అనో. కింద ఉన్నదీ పైన ఉన్నదీ రెండూ నేనే 192.168.1.1 అంటుంటే ఫోను గాని కంప్యూటర్ గాని ఎవరి మాట వినాలి? అదొక్కటే కాదు, ఇంట్లోకి వచ్చిన ప్రతి పరికరానికీ అడ్రస్ పంచే పని, డీహెచ్‌సీపీ అంటారు, రెండూ చేస్తుంటాయి. ఒకే కాలవ మీద ఇద్దరు లస్కర్లు ఒకరికి తెలియకుండా ఒకరు తూము తలుపులు ఎత్తుతూ దించుతూ ఉంటే చివరి ఆయకట్టుకి నీళ్ళు ఎలా అందవో, అలాగే మీకు నెట్ అందట్లేదు. పైన ఉన్న రౌటర్‌కి ఇంటర్నెట్ స్వయంగా లేదు, దాన్నే పెద్ద అనుకుని వెళ్ళిన పరికరానికి వైఫై ఉంటుంది, నెట్ ఉండదు. మీరు రాసింది అచ్చం ఇదే.

ఇది నిజమో కాదో తేల్చుకోడానికి చిన్న పరీక్ష. నెట్ బాగా వస్తున్నప్పుడు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషులో ఏ, ఆర్, పీ కలిపి కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్, ఏ కొట్టి ఎంటర్ నొక్కండి. ఒక జాబితా వస్తుంది. అందులో రౌటర్ అడ్రస్‌కి ఎదురుగా రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలున్న ఒక వరస ఉంటుంది, అది ఆ పెట్టె ఒంటి మీద పుట్టుమచ్చ లాంటిది, దాన్ని నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. నెట్ పోయినప్పుడు మళ్ళీ అదే కొట్టి చూడండి. అడ్రస్ అదే ఉండి ఎదురుగా ఆ ఆరు జతలు మారిపోయాయంటే ఒకే పేరుతో రెండు పెట్టెలు జవాబు చెబుతున్నట్టే. ఇంత ఓపిక లేకపోతే పైన రౌటర్‌ని రెండు రోజులు ఆపేయండి, అంతే, తేలిపోతుంది.

తేలాక దాన్ని పారేయక్కర్లేదు. కింద రౌటర్‌తో సంబంధం లేకుండా పై రౌటర్‌ని ఒక్కదాన్నే కంప్యూటర్‌కి వైరుతో కలిపి, బ్రౌజర్‌లో దాని సెట్టింగుల పేజీ తెరిచి, కింద రౌటర్‌ది 192.168.1.1 అయితే దీని సొంత అడ్రస్ 192.168.1.2 అని మార్చండి, డీహెచ్‌సీపీ ఆఫ్ చేయండి, సేవ్ చేయండి. తర్వాత కింద నుంచి వచ్చే వైరుని దాని వాన్ పోర్టులో (ఇంటర్నెట్ లైన్ పెట్టే చోట) కాకుండా మిగతా లాన్ పోర్టుల్లో ఒకదాంట్లో పెట్టండి. కొన్ని రౌటర్లలో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటుంది, అది ఉంటే ఈ పనంతా ఒక్క నొక్కులో అయిపోతుంది, వైరు ఏ పోర్టులో పెట్టాలో కూడా అదే చెబుతుంది. వైఫై ఛానల్ కింద రౌటర్‌లో 1 పెడితే పై రౌటర్‌లో 6 గాని 11 గాని పెట్టండి, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఈ మూడే ఒకదాని మీద ఒకటి పడకుండా ఉంటాయి.

ఇక ఐపీ కాన్‌ఫ్లిక్ట్ మెసేజ్. రెండు రౌటర్లు పంచడం వల్ల కూడా రావచ్చు గాని, నాకు కెమెరాల రికార్డర్ మీదే ఎక్కువ అనుమానం. కెమెరాలు బిగించేవాళ్ళు రికార్డర్‌కి చేత్తో ఒక అడ్రస్ పెట్టి వెళ్ళిపోతారు, ఉదాహరణకి చివర 10 అని. ఆ సంగతి రౌటర్‌కి ఎవరూ చెప్పరు. అది తన వరసలో పంచుకుంటూ పోయి ఒకరోజు మీ కంప్యూటర్‌కో, మీ అబ్బాయి ఫోనుకో అదే 10 ఇచ్చేస్తుంది. ఇంకేముంది, కెమెరాలూ పోతాయి, నెట్టూ పోతుంది. కింద రౌటర్‌లో డీహెచ్‌సీపీ పంచే పరిధిని 100 నుంచి 200 వరకు అని పెట్టేసి, రికార్డర్‌ని 10 దగ్గరే ఉండనివ్వండి. అంతటితో ఆ గొడవ అయిపోతుంది.

కంప్యూటర్ అడ్రస్ 169.254తో మొదలైతే అసలు ఏ రౌటరూ దానికి అడ్రస్ ఇవ్వలేదని, వైరో వైఫైయో అక్కడికి చేరలేదని అర్థం. అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళకండి, ముందు వైరు చూడండి.

వైరు అంటే గుర్తొచ్చింది, ఇది చెప్పి తీరాలి. కొన్నేళ్ళ కిందట అంతర్వేది పక్కన ఒక ఇంటికి వెళ్ళాను. సముద్రం అక్కడికి దగ్గరే, రాత్రి గాలికి కిటికీ ఊచలు పొద్దున్నే చెమ్మగా ఉంటాయి. కంప్యూటర్‌కి నెట్ వస్తూ పోతూ ఉంటుంది, పెద్ద ఫైలు పంపితే సగంలో ఆగిపోతుంది. డ్రైవర్లు మార్చాను, నెట్‌వర్క్ కార్డు మార్చాను, రెండు రోజులు తిరిగాను. చివరికి వైరు చివర ఉన్న జాక్ పీకి వెలుతురులో పట్టుకున్నాను. ఎనిమిది చిన్న రేకులు పసుపు రంగులో వరసగా మెరవాలి. అందులో మూడు, చింతపండు పెట్టి తోమని ఇత్తడి చెంబులాగా పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వేలితో తాకితే పొడి రాలింది. కొత్త జాక్ కొట్టేసరికి నెట్ కదలకుండా నిలబడింది. ఆ రోజు నుంచి సముద్రం వైపు ఏ ఇంటికి వెళ్ళినా ముందు జాక్ పీకి చూశాకే కుర్చీలో కూర్చుంటాను. మీరూ ఇంట్లో ఉన్న ప్రతి జాక్ పీకి చూడండి, రౌటర్ వైపూ కంప్యూటర్ వైపూ. చిలుముంటే గీకి వాడొద్దు, కోసి కొత్తది కొట్టించండి. జాక్‌తో పాటు రౌటర్ పోర్టు లోపలి తీగలు కూడా పచ్చబడి ఉంటే ఆ పోర్టు వదిలి పక్క పోర్టు వాడండి.

మూడో జబ్బు చెరువు వైరు. 150 మీటర్లు అన్నారు. మామూలు లాన్ కేబుల్‌కి హద్దు 100 మీటర్లు. ఆపైన పని చేసినట్టే చేస్తుంది గాని ఎప్పుడు చెయ్యిస్తుందో చెప్పలేం, ఎండకీ వానకీ ఇంకా మారిపోతుంది. చౌక కేబుల్ అయితే లోపల రాగి బదులు రాగి పూత పూసిన అల్యూమినియం ఉంటుంది, దానికి అంత దూరం కూడా రాదు. అక్కడికి ఫైబర్ లాగించి రెండు చివరలా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని లాన్ వైరుకి కలిపే చిన్న పెట్టెలు) పెట్టించండి, లేదా మేడ మీద నుంచి చెరువు మకాం కనిపిస్తుంటే రెండు వైర్‌లెస్ డిష్‌లు ఎదురెదురుగా పెట్టించండి. రెండోది చవక, కాని మధ్యలో కొబ్బరి మట్టలు ఊగితే సిగ్నల్ కూడా ఊగుతుంది, అందుకని మీ తోటలో నేనైతే ఫైబరే పెడతాను.

ఇవన్నీ అయ్యాక కూడా నెట్ పోతుంటే, తప్పు ఇంట్లో ఉందా బయట ఉందా అన్నది ఇలా చూడండి. కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు రెండు తెరిచి, ఒకదాంట్లో మీ రౌటర్‌ని, రెండో దాంట్లో గూగుల్ వాళ్ళ అడ్రస్ 8.8.8.8ని ఆగకుండా పింగ్ చేయండి, అంటే పలకరించి జవాబు వస్తోందో లేదో చూడటం. ఇంగ్లీషులో పీ, ఐ, ఎన్, జీ కలిపి కొట్టి, ఖాళీ వదిలి అడ్రస్ కొట్టండి, అడ్రస్ చివర ఖాళీ వదిలి హైఫన్, టీ కొడితే మీరు ఆపేదాకా నడుస్తుంది. రౌటర్‌ది కూడా తెగుతుంటే తప్పు ఇంట్లో ఉంది, వైరో వైఫైయో రౌటరో. రౌటర్‌ది నడుస్తూ 8.8.8.8 మాత్రమే తెగుతుంటే తప్పు బయటి లైన్‌లో. రెండూ నడుస్తున్నా వెబ్‌సైట్ తెరుచుకోకపోతే తప్పు డీఎన్ఎస్‌ది, అంటే సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టేది, రౌటర్‌లో ఆ గడిలో 8.8.8.8, 1.1.1.1 పెట్టి చూడండి. ఫైబర్ పెట్టె మీద ఎల్, ఓ, ఎస్ అన్న అక్షరాల దగ్గర ఎర్ర లైటు వెలిగితే ఇంట్లో ఏమీ ముట్టుకోకండి, వెలుతురు మీ దాకా రావట్లేదు, దారిలో ఎక్కడో మట్ట పడో, జాయింట్ పెట్టెలో నీళ్ళు చేరో ఉంటుంది. కేబుల్ ఆయనకి ఫోన్ చేసి "ఎర్ర లైటు" అన్న మాట ముందు చెప్పండి, "నెట్ రావట్లేదు" అంటే రౌటర్ ఆపి వేయమంటారు. ఆ సన్నటి ఫైబర్ చివర ఊడదీసి కంటి దగ్గర పెట్టుకుని చూడకండి, పిల్లల్ని చూడనివ్వకండి, అందులో వచ్చే లేజర్ కంటికి కనపడదు.

విండోస్ సంగతి కూడా రాశారు కదా. మీది 10 అయితే దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేసింది, కంపెనీ పని చేస్తారు కాబట్టి వీలు చూసుకుని 11కి మారడం మంచిదే. కాని అది వేరే పని. ఈ ఆగిపోవడానికీ దానికీ సంబంధం లేదు, ఇప్పుడు రెండూ కలపకండి.

ఇన్వర్టర్ స్విచ్ ఇవాళ మార్చండి. రేపు పైన రౌటర్ ఆపండి, ఎల్లుండి జాక్‌లు చూడండి. వారం రోజుల నోట్‌బుక్ పేజీ, ఆ 41 నంబరు వివరాల తెర, రెండూ ఫొటో తీసి పంపితే అప్పుడు మదర్‌బోర్డు మాట మాట్లాడదాం.

చెరువు వైరు మార్చడానికి మాత్రం టైమ్ పడుతుంది, పంట మీద డబ్బు రావాలంటారు, తెలుసు. అప్పటిదాకా ఒక్క పని మానకండి. కొబ్బరి చెట్ల మీదుగా వచ్చే ఆ రాగి వైరు ఎక్కడో పిడుగు పడ్డా చాలు, దెబ్బని తిన్నగా రికార్డర్‌లోకీ రౌటర్‌లోకీ మీ కంప్యూటర్‌లోకీ తెచ్చేస్తుంది. మబ్బు పట్టగానే, ఉరుము వినపడక ముందే ఆ జాక్ ఇంటి వైపు పీకి పక్కన పెట్టేయమని మామగారికి కూడా చెప్పండి. ఉరుము వినపడ్డాక మాత్రం ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు, కెమెరాలు పోతే పోనివ్వండి.